బాపు కారు పొద్దున ఎందుకు మొండికేస్తుంది?

మా బాపు దగ్గర 1994 మోడల్ మారుతి 800 ఉంది. నంబరు ప్లేటు మీద ఇప్పటికీ ఏపీ 1 అనే ఉంటుంది. రాష్ట్రం విడిపోకముందు ఆదిలాబాద్ జిల్లా బండ్లకు ఆ నంబరు, మా కరీంనగర్ బండ్లకు ఏపీ 15. సర్కారు బడిలో లెక్కల సారుగా పనిచేసిన బాపు 2003లో దాన్ని సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. అప్పటికే నా పెళ్లయిపోయింది కాబట్టి ఆ కారులో నేను పెద్దగా తిరిగింది లేదు. పండుగకు పుట్టింటికి వెళ్తే బాపు బస్టాండుకు వచ్చి తీసుకుపోవడం, మళ్లీ దింపిపోవడం, అంతవరకే నాకు దానితో పరిచయం.

అలాంటిది పోయినేడాది అంతా మా ఇంట్లో ఆ కారే ముచ్చట. పొద్దున స్టార్ట్ కాదు. హైదరాబాదులో ఉండే తమ్ముడు దాన్ని పాత ఇనుము కింద ఇచ్చేద్దామంటాడు. బాపు ఏమీ మాట్లాడడు. ఇద్దరి మధ్యలో ఉన్న నేను కార్బొరేటర్ అంటే ఏమిటో, చోక్ ఎందుకు గుంజుతారో నేర్చుకోవాల్సి వచ్చింది. ఆ నేర్చుకున్నదంతా ఇక్కడ రాసి పెడుతున్నాను. ఇలాంటి పాత బండి, దాన్ని వదలని పెద్దమనిషి మీ ఇంట్లో కూడా ఉండొచ్చు.

మారుతి 800 మొదటి కారు తాళాలు 1983 డిసెంబరులో ఇందిరాగాంధీ చేతుల మీదుగా ఇచ్చారు. 2014 జనవరిలో దాని తయారీ ఆగిపోయింది. 796 సీసీ ఇంజన్, మూడు సిలిండర్లు. ఇప్పటి కార్లలో పెట్రోలు ఎంత కావాలో కంప్యూటరే లెక్కగట్టి చిమ్ముతుంది. 2000 దరిదాపుల్లో కాలుష్యం నిబంధనలు గట్టిపడేదాకా వచ్చిన 800లలో ఆ పని కార్బొరేటర్ చేసేది. లోపలికి పోయే గాలి ఒక ఇరుకు గొట్టంలోంచి వేగంగా పోతూ, పక్కన చిన్న గిన్నెలో నిలవున్న పెట్రోలును సన్నటి రంధ్రాల్లోంచి పీల్చుకుంటుంది. ఆ కలిసిన ఆవిరికి ప్లగ్ దగ్గర నిప్పురవ్వ తగిలితే ఇంజన్ అందుకుంటుంది. ఒక గ్రాము పెట్రోలు సరిగ్గా కాలాలంటే సుమారు పదిహేను గ్రాముల గాలి కావాలట. పప్పులో నీళ్ల కొలతలాగే ఇదీ అటూ ఇటూ అయితే ఉడకదు.

చలిలో ఏమవుతుందో అర్థం కావడానికి నాకు మా చిన్నప్పటి పంపు స్టవ్ గుర్తొచ్చింది. కిరసనాయిలు ఉన్నదున్నట్టు అంటుకోదు కదా. బర్నరు కింద చిన్న గిన్నెలో ఇంత నూనె పోసి మంటపెట్టి, బర్నరు కాగిన తర్వాతే పంపు కొట్టేవాళ్లం. నూనె ఆవిరైతేనే మంట నీలంగా లేచేది. చల్లటి ఇంజన్‌లో పెట్రోలు కూడా అంతే. బొట్లు బొట్లుగా గొట్టం గోడలకే అంటుకుపోతుంది, ఆవిరయ్యేది కొంచెమే. ఇంజన్‌ను ముందే కాచలేం కాబట్టి పెట్రోలే ఎక్కువ పోస్తారు. చోక్ పిడి గుంజితే గాలి వచ్చే దారికి ఒక రేకు అడ్డం పడుతుంది, గాలి తగ్గి పెట్రోలు పాలు పెరుగుతుంది. ఇంజన్ వేడెక్కాక ఆ పిడిని మళ్లీ లోపలికి నూకాలి. ఈ చివరి మాట గుర్తుపెట్టుకోండి, మా కథంతా దాని దగ్గరే ఉంది.

పోయినేడు సంక్రాంతికి నేను పిల్లలతో ఆదిలాబాద్ వెళ్లాను. అక్కడి చలి కరీంనగర్‌వాళ్లకు చెప్తే నమ్మరు. డిసెంబరు, జనవరిల్లో చాలా రోజులు పది డిగ్రీల లోపే ఉంటుంది. వాకిట్లో ముగ్గు పెడుతుంటే వేళ్లు వంగవు. పొద్దున ఆరున్నర దాటాక కారు చప్పుడు వినబడింది. కుయ్ కుయ్ కుయ్ మని సెల్ఫ్ తిరుగుతుంది, ఆగుతుంది, మళ్లీ తిరుగుతుంది. ఏడెనిమిది సార్లకు ఒక్కసారి దగ్గినట్టు అందుకుంది. గుప్పున నల్లపొగ వచ్చింది. రెండు నిమిషాలు నడిచాక బాపు బంద్ చేసి లోపలికి వచ్చాడు.

"బండికి ఏం కాలేదు బిడ్డా. చలికి జర సతాయిస్తది, గంతే" అన్నాడు నేను అడగకముందే.

అప్పటికి ఆ కారుకు చేయించని వైద్యం లేదు. బ్యాటరీ కొత్తది. ప్లగ్గులు రెండుసార్లు మార్చారు. కాయిల్ మార్చారు. కార్బొరేటర్ విప్పి కడిగి కొత్త కిట్ వేశారు. పెట్రోలు పైపు మార్చారు. ఏది మార్చినా రెండు మూడు వారాలు బాగుండేది, తర్వాత మళ్లీ మొదటికే వచ్చేది. తమ్ముడి బాధ డబ్బుల గురించి కాదు. "అక్కా, ఏడనో ఘాటు మీద ఆగిపోతే డెబ్బై నాలుగేళ్ల మనిషికి ఎవరు దిక్కు? ఎండాకాలం పోయేలోపు అమ్మేద్దాం" అన్నాడు. వాడి మాటలోనూ తప్పు లేదు. అమ్మ పోయి అప్పటికి రెండేళ్లు. బాపు ఒక్కడే ఉంటున్నాడు.

నాకు ఒక విషయం మాత్రం కొట్టొచ్చినట్టు కనిపించింది. అందరూ ఏం మార్చాలనే అడుగుతున్నారు, ఎప్పుడు మొండికేస్తుందని ఎవరూ అడగడం లేదు. మా చిన్నోడికి ఒకసారి వారం రోజులు జ్వరం తగ్గకపోతే డాక్టరమ్మ మందు రాయకముందు కాగితం చేతిలో పెట్టింది. పొద్దున ఎంత, రాత్రి ఎంత, వణుకు వచ్చిందా, చెమట పట్టిందా అన్నీ రాసుకుని రమ్మంది. జ్వరం ఉందని చెప్తే చాలదు, అది వచ్చే తీరు చెప్తేనే రోగం తెలుస్తుంది అంది. స్టార్ట్ కాకపోవడం కూడా జ్వరంలాంటిదే కదా అనిపించింది.

బాపు చేతిలో ఒక నోటుబుక్కు పెట్టి అదే చెప్పాను. లెక్కల సారు కాబట్టి నేను చెప్పిన దానికంటే పద్ధతిగా స్కేలు పెట్టి గీతలు గీశాడు. తేది, గంట, చలా ఎండా, సెల్ఫ్ ఎన్నిసార్లు, చోక్ గుంజినవా, ఎంత దూరం, ఎటు. చివరి రెండు గడులు ఎందుకని అడిగితే, "పూర్తిగ రాయాలె కద" అన్నాడు.

ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ నెలల్లో నేను ఫోన్‌లో అడుగుతూనే ఉన్నాను. ఫిబ్రవరిలో ఏడుసార్లు, ఆరుసార్లు. మార్చిలో చలి పోయింది, అయినా ఆరుసార్లే. ఏప్రిల్‌లో ఆదిలాబాద్ ఎండ మనకు తెలిసిందే, అయినా పొద్దున్నే అయిదుసార్లు కొట్టనిదే అందుకోవడం లేదు. అంటే చలి ఒక్కటే కారణం కాదని తేలింది. అదే కారణమైతే ఉగాది నాటికి తగ్గిపోవాలి. మూడు నెలల రాతకు దొరికిన మొదటి ఫలితం ఇది.

మే నెలలో తమ్ముడు వచ్చి ప్లగ్గులు మళ్లీ కొత్తవి వేయించి, బాపును ఆ కారులోనే కరీంనగర్ తీసుకొచ్చాడు. నిర్మల్, ఆర్మూర్, మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల మీదుగా సుమారు 250 కిలోమీటర్లు. దారిలో ఎక్కడా ఇబ్బంది పెట్టలేదట. మా ఇంట్లో పెట్టి తాళాలు బాపు చేతికిచ్చి, అమ్మకం సంగతి జూన్‌లో తేలుద్దామని వాడు హైదరాబాదు వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున నేను చెవులు నిక్కబొడుచుకుని విన్నాను. ఒక్క సెల్ఫ్‌కు అందుకుంది! ఆ మర్నాడు కూడా అంతే. "కరీంనగర్ నీళ్లు పడ్డయి దానికి" అన్నారు మా ఆయన.

నీళ్లు పడ్డది పొద్దున వరకే. ఒకరోజు పదకొండు గంటలకు టవర్ సర్కిల్ దగ్గర బట్టలు కొందామని వెళ్లాం. ఇరవై నిమిషాల్లో బయటికొచ్చి ఎక్కితే కారు కదలదు. సెల్ఫ్ గిర్రున బలంగా తిరుగుతోంది, ఇంజన్ మాత్రం అందుకోవడం లేదు. నలభై నాలుగు డిగ్రీల ఎండలో అరగంట నిలబడ్డాక తనంతట తానే స్టార్ట్ అయింది. మూడో రోజు కూరగాయల మార్కెట్ దగ్గర మళ్లీ అదే తంతు. కానీ ఒక సాయంత్రం మానేరు డ్యామ్ కట్ట మీదికి వెళ్లి గంటన్నర కూర్చుని వస్తే మొదటి సెల్ఫ్‌కే లేచింది. ఇరవై నిమిషాలు ఆపితే మొండి, గంటన్నర ఆపితే బుద్ధిమంతురాలు. బాపు మూడు వరుసలూ రాసి కింద ఎర్ర ఇంకుతో గీత పెట్టాడు.

తెలిసిన ఉస్తాద్‌కు ఆ పేజీ చూపించాం. ఆయన కారు కంటే ముందు పుస్తకాన్నే రెండుసార్లు చదివాడు. "రెండు బీమార్లు ఉన్నయి అక్కా దీనికి. ఎండది వేరే, పొద్దుటిది వేరే. రెండిటినీ ఒకటే అనుకుంటే ఎన్ని సామాన్లు మార్చినా దొరకది" అన్నాడు.

ఎండ జబ్బును ఆయన మా కళ్లముందే పట్టాడు. మధ్యాహ్నం కాసేపు తిప్పి, ఆపి, పదిహేను నిమిషాలు బానెట్ మూసే ఉంచాడు. తిరిగే ఇంజన్‌కు నీళ్లు, గాలి తగులుతూ ఉంటాయి. ఆపగానే రెండూ ఆగిపోతాయి, లోపలి వేడి మాత్రం అక్కడే ఉండి పైకి ఎగబాకుతుంది. పొయ్యి ఆర్పినా కుక్కర్ ఇంకాసేపు బుసకొట్టినట్టు. పెట్రోలులోని తేలికపాటి భాగం 40 డిగ్రీల దగ్గరే ఆవిరవడం మొదలుపెడుతుంది కాబట్టి ఆ వేడికి రెండు రకాల తంటాలు రావొచ్చట. కార్బొరేటర్ గిన్నెలోని పెట్రోలు పొంగి ఇంజన్‌లోకి ఎక్కువగా పోవడం ఒకటి. పైపులో, పంపులో ఆవిరి నిండి పెట్రోలు పైకి రాకపోవడం రెండోది. ఒకటి ఎక్కువై చెడితే, ఇంకోటి లేక చెడుతుంది. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి.

తేడా తెలుసుకోవడానికి ఆయన పానా పెట్టి ఒక ప్లగ్ విప్పాడు. తడిగా ఉండి పెట్రోలు వాసన కొడితే పొంగినట్టు. అప్పుడు యాక్సిలరేటర్‌ను పూర్తిగా తొక్కి పట్టుకుని, మధ్యలో వదలకుండా సెల్ఫ్ కొడితే గాలి ఎక్కువ పోయి ఆరుతుంది. మాటిమాటికీ తొక్కి వదిలితే ఇంకా పెట్రోలు పోస్తున్నట్టే లెక్క. మా ప్లగ్ మాత్రం పొడిగా ఉంది. అంటే పెట్రోలే రావడం లేదు. ఆయన తడిగుడ్డ తెచ్చి పంపు మీద, పైపు మీద చుట్టి, "ఏసీ పంపు వేడెక్కింది" అన్నాడు.

"అసలు ఈ కారులో ఏసీనే లేదు కదా అంకుల్!" అంది మా అమ్మాయి. ఆయన పడీపడీ నవ్వాడు. ట్యాంకులోంచి పెట్రోలు గుంజే పంపుకే ఆ పేరట. ఎప్పటిదో ఒక కంపెనీ పేరు మెకానిక్కుల నోట్లో అట్లా నిలిచిపోయింది. అంబాసిడర్ టాక్సీలు తిరిగే రోజుల్లో ఎండాకాలం ప్రతి డ్రైవరు దగ్గరా ఈ తడిగుడ్డ ఉండేదట.

అయిదు నిమిషాలకు కారు స్టార్ట్ అయింది. తడిగుడ్డతో అయిందంటే రోగం పైపులోనో పంపులోనో ఉన్నట్టు. వెతికితే చలికాలంలో మార్చిన పైపు అవసరానికి మించి పొడుగ్గా ఉండి, వంగి వేడి ఇంజన్‌కు ఆనుకుని ఉంది. దాన్ని కోసి, దూరంగా తిప్పి క్లిప్పు వేశాడు. ట్యాంకు దగ్గరి పాత రబ్బరు ముక్క కూడా ఎండి పగుళ్లిచ్చింది, దాన్నీ మార్చాడు. ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. పాతకాలపు రబ్బరుకు అది సరిపడదు కాబట్టి ఇథనాల్‌కు తట్టుకునే పైపే వేయించుకొమ్మన్నాడు. ఆ తర్వాత టవర్ సర్కిల్ దగ్గర ఎన్నిసార్లు ఆపినా కారు ఇబ్బంది పెట్టలేదు.

ఇక పొద్దుటి జబ్బు. కరీంనగర్‌లో పొద్దున ఒక్క సెల్ఫ్‌కే లేస్తున్న కారు ఆదిలాబాద్‌లో ఏప్రిల్‌లో కూడా ఎందుకు లేవలేదు? ఉస్తాద్ ఆదిలాబాద్‌లో తీసేసిన పాత ప్లగ్గులు అడిగాడు. అదృష్టం కొద్దీ బాపు ఏదీ పారేసే మనిషి కాదు, డిక్కీలో కాగితంలో చుట్టి ఉన్నాయి. మూడింటికీ మూతి మీద పొయ్యి గోడకు పట్టినట్టు నల్లటి పొడిమసి. మంచి ప్లగ్ లేత ఇటుక రంగులో ఉండాలట. ఆ మసిలోంచి కరెంటు జారిపోతుంది, రవ్వ పుట్టదు. ఇంజన్ బాగా నడిచి ప్లగ్ కొన సుమారు 450 డిగ్రీలు దాటితే మసి తనంతట తాను కాలిపోతుంది. అంత వేడెక్కాలంటే బండి కొంతదూరం పోవాలి. "రోజూ ఎంత దూరం పోతది ఇది?" అని అడిగాడాయన.

ఆ రాత్రి అన్నాలయ్యాక నేను ఆ నోటుబుక్కు మొదటి పేజీ నుంచి చదివాను. అప్పటిదాకా నేను సెల్ఫ్ ఎన్నిసార్లు కొట్టాడన్న గడి మాత్రమే ఫోన్‌లో అడుగుతూ వచ్చాను. చివరి రెండు గడులు ఇప్పుడు చూశాను. గుండ్రటి అక్షరాలతో బాపు నిజాయితీగా రాసిపెట్టాడు. పొద్దున 6.40, ఏడుసార్లు, చోక్ గుంజిన, దూరం 0, ఎటు అన్నచోట "ఊరికెనే". మర్నాడు 6.40, దూరం 0, ఊరికెనే. ఆ మర్నాడు కూడా. మధ్యలో ఎక్కడో ఒకచోట కిరాణం, 2 కిలోమీటర్లు. మళ్లీ 6.40, ఊరికెనే. పేజీల కొద్దీ అదే మాట.

ఆ టైము ఎక్కడిదో నాకు వెంటనే తెలిసింది. అమ్మకు ఆఖరి ఏడాదిన్నర వారానికి మూడు రోజులు డయాలసిస్ ఉండేది. ఏడింటికల్లా ఆసుపత్రిలో ఉండాలి. 6.40కి బాపు కారు తీసేవాడు. అమ్మ పోయినా 6.40కి కారు తీయడం పోలేదు. ఎక్కడికీ పోయే పని లేదు కాబట్టి రెండు నిమిషాలు నడిపి బంద్ చేసేవాడు.

బాపు మంచం మీద కూర్చుని వార్తలు చూస్తున్నాడు. పక్కన కూర్చుని, "బాపూ, స్టార్ట్ అయినంక చోక్ మళ్ల ఎప్పుడు నూకుతవు?" అని అడిగాను.

చాలాసేపు టీవీ వైపే చూశాడు. "అది మీ అమ్మ చెప్పేది" అన్నాడు. "గేటు దాటంగనే, 'చోక్ నూకుండ్రి' అనేది. నాకు యాదికుండది."

ఇద్దరం ఇంకేం మాట్లాడుకోలేదు.

మర్నాడు ఉస్తాద్‌కు చెప్తే మిగతా లెక్క ఆయన పూర్తిచేశాడు. చోక్ గుంజి ఉన్నంతసేపు పెట్రోలు ఎక్కువ, గాలి తక్కువ. అది సరిగ్గా కాలక నల్లపొగ, మసి. రెండు నిమిషాలకే ఆపితే ఆ మసి కాలిపోయే వేడి రాదు. రోజుకింత చొప్పున పేరుకుని రెండు మూడు వారాలకు కొత్త ప్లగ్ కూడా నల్లబడుతుంది. అందుకే ఏది మార్చినా అన్నే రోజులు బాగుండేది. బ్యాటరీ సంగతీ అంతే. ఏడెనిమిది సెల్ఫ్‌లకు ఖర్చయ్యే కరెంటు రెండు నిమిషాల్లో తిరిగి నిండదు. మా పెద్దోడు మల్టీమీటర్ పెట్టి చూస్తే కరీంనగర్‌లో 12.6 వోల్టులు ఉంది, అంటే నిండుగా ఉన్నట్టు. 12.2కు పడితే సగమే ఉన్నట్టు లెక్కట. 250 కిలోమీటర్ల ప్రయాణం ప్లగ్గులకు మసి పట్టనివ్వలేదు, బ్యాటరీని నింపింది. కరీంనగర్ నీళ్లు చేసిన మహిమ అదే.

కార్బొరేటర్‌లో లోపం లేదు. కాయిల్‌లోనూ లేదు. కంపెనీ చేసిన బండిలో అసలే లేదు, ముప్పై ఏళ్ల పైబడి నడుస్తోంది పాపం. దానికి కావల్సింది ఒక ఊరు. వారానికి రెండుసార్లయినా ఇరవై, ముప్పై కిలోమీటర్లు ఆగకుండా పోగలిగే చోటు.

తమ్ముడికి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. చోక్ మాట దగ్గరికొచ్చేసరికి అటునుంచి చప్పుడు లేదు. కాసేపాగి, "రిజిస్ట్రేషన్ 2029 దాకా ఉంది కదా, ఉండనీ" అన్నాడు. పదిహేనేళ్లు దాటిన సొంత కార్లకు అయిదేళ్లకోసారి ఫిట్‌నెస్ చూసి రిజిస్ట్రేషన్ పొడిగిస్తారు, బాపుది 2024లో అయింది. వాడు రెండు షరతులు పెట్టాడు. చీకటి పడ్డాక నడపొద్దు, నిర్మల్ వైపు ఘాటు ఒక్కడే ఎక్కొద్దు. బాపు రెండిటికీ ఒప్పుకున్నాడు.

ఆదిలాబాద్ వెళ్లాక జైనథ్ మొదలైంది. అక్కడి లక్ష్మీనారాయణస్వామి గుడి ఇంటికి ఇరవై కిలోమీటర్ల దూరం. గుడిహత్నూర్‌లో బాపుతో పాటు పనిచేసిన సారు ఒకాయన ఉన్నాడు. మోకాళ్ల నొప్పులతో ఇల్లు కదలలేడు. వారానికోసారి ఆయన దగ్గరికి వెళ్లి మధ్యాహ్నం దాకా కూర్చుని వస్తున్నాడు. స్టీరింగ్ పక్కన తెల్లకాగితం ముక్క మీద "చోక్" అని రాసి అంటించాడు. ఎవరి అక్షరాలో అని చూస్తే మా చిన్నోడివి.

పాత కార్బొరేటర్ కారు ఉన్నవాళ్ల కోసం ఉస్తాద్ మాటలు నాలుగు రాసిపెడతాను. స్టార్ట్ కాకపోతే ముందు సెల్ఫ్ చప్పుడు వినండి. నీరసంగా తిరిగితే బ్యాటరీ, దాని టెర్మినల్స్ చూడాలి. బలంగా తిరిగినా అందుకోకపోతే ప్లగ్ విప్పి చూడాలి. పొడిగా ఉంటే పెట్రోలు దారి వెతకాలి, తడిగా ఉంటే పొంగిందేమో, రవ్వ వస్తుందో లేదో చూడాలి, నల్లగా ఉంటే మసి ఎందుకు పడుతోందో అడగాలి. సెల్ఫ్ ఒక విడతకు పది సెకన్లు మించొద్దు, మధ్యలో అర నిమిషం ఆగితే బ్యాటరీ, మోటారు రెండూ బతుకుతాయి. పెట్రోలు పైపు విప్పినప్పుడు ఇంజన్ చల్లగా ఉండాలి, చుట్టుపక్కల బీడీ, అగ్గిపుల్ల ఉండకూడదు. వీటన్నిటికంటే ముందు, ఎప్పుడు మొండికేస్తుందో పదిహేను రోజులు రాయండి. రాసేది బండి నడిపే మనిషే అయితే ఇంకా మంచిది.

ఈ సంక్రాంతికి మళ్లీ ఆదిలాబాద్ వెళ్లాను. వాకిట్లో అదే చలి. బాపు చోక్ గుంజి సెల్ఫ్ కొడితే మూడోసారికి అందుకుంది. ఆ చలికి ఆ మాత్రం మామూలేనట, ప్లగ్గులు మాత్రం ఇటుక రంగులోనే ఉన్నాయి. నోటుబుక్కు రెండోది నడుస్తోంది. ఎటు అన్న గడిలో జైనథ్, గుడిహత్నూర్, బేల అని రకరకాల పేర్లున్నాయి. అప్పుడప్పుడు "ఊరికెనే" అని ఇంకా కనిపిస్తుంది. పక్క గడిలో దూరం 18 అనో, 22 అనో ఉంటుంది.